అప్‌డేట్: రెంటన్ ఎర్ర బట్ట సంగతి తేలింది

స్కాట్లండ్‌లో లెవెన్ నది ఒడ్డున ఉన్న రెంటన్ గ్రామంలో ఎర్ర బట్టల అద్దకం అంతగా ఎందుకు పెరిగిందని అడిగాను. జవాబిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. అసలు కారణం నీరే. లోమండ్ సరస్సు నుంచి వచ్చే ఆ తేట నీటిలో సున్నం తక్కువ. అద్దే ముందు బట్టను తెల్లగా చలువ చేయడానికి అంతకన్నా ఏం కావాలి? మంజిష్ఠ జాతి వేరుతో వచ్చిన ఎరుపు తర్వాత కృత్రిమ రంగుకు మారింది. 1898లో ఆ లెవెన్ లోయలోని పెద్ద అద్దకపు కంపెనీలు ఒకటయ్యాయి.

నన్ను కట్టిపడేసినవి మాత్రం ఎడింబరో జాతీయ మ్యూజియంలో ఉన్న ఆ బట్టల నమూనా పుస్తకాల చిత్రాలు. ఎర్రటి బట్ట మీద ఎంత అందమైన నెమళ్లో! ఆ సరుక్కి మన దేశమే పెద్ద మార్కెట్. బట్టల మీద మన దేవుళ్ల బొమ్మల చీటీలు అంటించి పంపేవారు. 1911లో ఆ లోయలో జరిగిన సమ్మెలో పాల్గొన్న అద్దకపు కార్మికుల్లో ఎందరో స్త్రీలున్నారు. వారి జ్ఞాపకాలు ఎవరైనా రాసిపెట్టారా? తెలిస్తే తప్పక చెప్పండి.