మూడో ఏట పీహెచ్‌డీ మానేయాలనిపిస్తోంది, ఎఫ్‌-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నా. ఏం చేయమంటారు?

నిద్రలేనోడు:
అమెరికాలో మెకానికల్ పీహెచ్‌డీ. బీటెక్ అవ్వగానే నేరుగా చేరాను, చేతిలో ఎం.ఎస్. లేదు. క్వాల్స్ (అర్హత పరీక్షలు) పాసయ్యాను, కాబట్టి చదువు రాక కాదు. సిమ్యులేషన్‌కీ ప్రయోగానికీ లెక్క కుదరడం లేదు, గైడ్ మీటింగ్‌లో "ఇంకేంటి కొత్తగా" అని అడిగి మెయిల్స్ చూసుకుంటారు, రాత్రి నిద్ర లేదు, పొద్దున ల్యాబ్ పేరెత్తితే కడుపులో తిప్పుతుంది. ఇంటికి ఫోన్ చేస్తే "డాక్టర్ గారూ" అని పిలుస్తున్నారు. మానేస్తే వీసా పోతుందేమోనని అదో టెన్షన్.

సర్క్యూట్ అక్క:
తమ్ముడూ, ముందు నిద్ర సంగతి చూడు, మిగతావి తర్వాత. క్యాంపస్ కౌన్సెలింగ్‌కి వెళ్లు. డాక్టరో లైసెన్సున్న క్లినికల్ సైకాలజిస్టో లెటర్ ఇస్తే ఎఫ్‌-1 వాళ్లకి కోర్సులు తగ్గించుకునే వీలుంది, అవసరమైతే పూర్తిగా ఆపొచ్చు కూడా. ఒక డిగ్రీ స్థాయికి మొత్తం 12 నెలల దాకా ఇస్తారు. కాకపోతే డీఎస్ఓ (యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారి) ఒప్పుకున్నాకే కోర్సు డ్రాప్ చేయాలి, ముందే చేస్తే స్టేటస్ చిక్కుల్లో పడుతుంది.
ఇంకోటి, 2018లో నేచర్ బయోటెక్నాలజీలో 26 దేశాల పరిశోధక విద్యార్థుల సర్వే వచ్చింది. ఆందోళన, డిప్రెషన్ మామూలు జనం కన్నా ఆరు రెట్లన్నారు. బాధలో ఉన్నవాళ్లే ఇలాంటివాటికి ఎక్కువ జవాబిస్తారేమో, ఆ అంకె మీద నాకంత నమ్మకం లేదు. కానీ అలా బాధపడుతున్నవాళ్లలో సగం మంది, గైడ్ నుంచి అసలైన మార్గదర్శనం లేదన్నారు. అది మాత్రం నమ్ముతా.

గోదారబ్బాయి:
నేను ఎం.ఎస్.తో బయటికొచ్చేశా బ్రో, ఉద్యోగంలో బాగానే ఉన్నా. ఊరికే విత్‌డ్రా అవ్వకు. డీఎస్ఓ అనుమతితో మధ్యలో మానేస్తే దేశం వదలడానికి 15 రోజులే, అదే డిగ్రీ పూర్తి చేస్తే 60 రోజులు. ఎం.ఎస్. చేతికొస్తే ఓపీటీ (చదువయ్యాక ఇక్కడే పనిచేసే అనుమతి) 12 నెలలు, మనది స్టెమ్ (సైన్స్, ఇంజనీరింగ్ లాంటి కోర్సు) కాబట్టి ఇంకో 24 నెలలకి అప్లై చేసుకోవచ్చు. మీ డిపార్ట్‌మెంట్ ఎం.ఎస్. ఇస్తుందా, ఎన్ని క్రెడిట్లు తక్కువున్నాయో కనుక్కో.

కంట్రోల్స్ శీను:
మానేయడం ఒక్కటే దారి కాదుగా. నేను గైడ్‌ని మార్చి పూర్తి చేశా. ఆర్ఏ (రీసెర్చ్ అసిస్టెంట్) డబ్బులు గైడ్ గ్రాంటులోంచే వస్తాయి, అందుకని ఆయనకి చెప్పకముందే గ్రాడ్యుయేట్ డైరెక్టర్‌ని కలిసి ఒక సెమిస్టర్‌కి టీఏ (టీచింగ్ అసిస్టెంట్ పని) దొరుకుతుందేమో అడుగు. అది దొరికాక మాట్లాడితే గొంతు వణకదు. కొత్త గైడ్ కోసం ముందు మీ కమిటీలోవాళ్లనే చూడు, నీ పని వాళ్లకి తెలుసు.

నిద్రలేనోడు:
థాంక్స్ అక్కా, థాంక్స్ అన్నా. వీసా గడువుల గురించి ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు. కౌన్సెలింగ్‌లో చెప్పినవి గైడ్‌కి తెలుస్తాయా?

సర్క్యూట్ అక్క:
మామూలుగా తెలియవు, గోప్యంగానే ఉంచుతారు. ప్రాణాపాయం లాంటి సందర్భాలకి మినహాయింపులుంటాయి, అవి మొదటి రోజే కాగితం మీద రాసిస్తారు, చదివి సంతకం పెట్టు. అప్పటిదాకా ఆగలేనంటే మానసిక సంక్షోభంలో ఉన్నవాళ్ల హెల్ప్ లైన్ 988కి ఫోన్ చెయ్యి, ఏ వేళైనా ఎత్తుతారు.