హాల్లో సభకీ పోలీసు చట్టం సెక్షన్ 30 అంటున్నారు, ఇది నిలుస్తుందా?

కౌశిక గట్టు (ప్రశ్న)

కోనసీమలో ఒక మండల కేంద్రం. అద్దెకు తీసుకున్న కల్యాణ మండపంలో ఆదివారం సాయంత్రం 4 నుంచి 7 దాకా సభ, నూటయాభై మందికి మించరు. బాబాల మహిమల వెనకున్న కిటుకులు చేసి చూపించడం, తర్వాత చర్చ. స్టేషన్లో నోటిమాటగా వచ్చిన జవాబు: "సెక్షన్ 30 అమల్లో ఉంది, మతాల గొడవ అవుద్ది, పెట్టుకోకండి." కాగితం మీద ఒక్క ముక్క లేదు. అదే వారం అదే ఊళ్లో డీజే పెట్టి అమ్మవారి ఊరేగింపు నడిచింది. పక్క పేటలో స్వస్థత సభలు మూడు రాత్రులు, కొబ్బరిచెట్లకి కట్టిన గొట్టం మైకుల్తో పదకొండు దాటేదాకా సాగాయి.

నాలుగు గోడల మధ్య సభకి సెక్షన్ 30 వర్తిస్తుందా? మైకు పర్మిషన్ ఎవరివ్వాలి? మతాన్ని అవమానించారని బీఎన్ఎస్ (కొత్త శిక్షా స్మృతి) 299 కింద కేసు కడతామని కూడా బెదిరింపు ఉంది, దానికేం జాగ్రత్త పడాలి? దేవుడున్నాడా లేడా అన్న చర్చ ఈ దారంలోకి తేకండి, దణ్ణం పెడతాను.

పాత ఫైలు

పోలీసు చట్టం 1861 నాటిది. అందులో 30వ సెక్షన్ తెరిచి చూడండి. అక్కడున్న మాటలు రోడ్లు, వీధులు, దారులు, వాటి మీద గుమిగూడటం, ఊరేగింపులు. తలుపులేసుకున్న మండపం ఆ మాటల్లో ఎక్కడా ఇమడదు. రోడ్డు మీద పెట్టినా ఆ సెక్షన్ నిషేధించే అధికారం ఇవ్వదు. శాంతిభంగం అయ్యేలా ఉందని మేజిస్ట్రేటు భావిస్తే జిల్లా ఎస్పీ లైసెన్సు తీసుకోండని నోటీసు ఇవ్వొచ్చు, లైసెన్సుకి షరతులు పెట్టొచ్చు. అంతే. ధిక్కరిస్తే శిక్ష 32వ సెక్షన్‌లో ఉంది: 200 రూపాయలకి మించని జరిమానా. ఇంత భయపెట్టే సెక్షన్ ధర అదండి.

హిమ్మత్ లాల్ షా కేసులో 1972లోనే సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది: వీధుల్లో సభల్ని క్రమబద్ధం చేయొచ్చు, మొత్తంగా మూసేయడానికి వీల్లేదు. మన దగ్గర కందుకూరు తొక్కిసలాట తర్వాత 2023 జనవరి 2న రోడ్ల మీద సభలకి అడ్డుకట్టగా జీవో నంబరు 1 తెచ్చారు. దాన్ని మే 12న మన హైకోర్టు కొట్టేసింది. ఆ రోజు జీవోని చీకటి జీవో అన్నవాళ్లే ఇప్పుడు కుర్చీలో ఉన్నారు, 30 నోటీసులు మాత్రం ఆగలేదు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య.

ఒకవేళ 30 అన్న మాట మార్చి 163 అంటే (పాత 144, ఇప్పుడు కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్ఎస్ఎస్‌లో 163) అది ఎస్సై ఇచ్చేది కాదు, మేజిస్ట్రేటు అధికారం. రాతలో ఉండాలి, కారణాలు ఉండాలి, రెండు నెలలు దాటకూడదు. ప్రభుత్వం పొడిగించినా ఇంకో ఆరు నెలలే. ఒకదాని మీద ఒకటి వేసుకుంటూ పోవడం అధికార దుర్వినియోగమని 2020 జనవరిలో సుప్రీంకోర్టు అనురాధా భసీన్ తీర్పు. ఉత్తర్వు కాపీ అడగండి, చాలావరకు కథ అక్కడే తేలుద్ది.

బరి పక్క

చట్టం అందరికీ ఒకటే అంటారుగా, సంక్రాంతి మూడు రోజులు భీమవరం నుంచి కాట్రేనికోన దాకా తిరిగి చూడండి. టెంటు, ఫ్లడ్ లైట్లు, ఎల్ఈడీ తెర, పక్కన గుండాట, కుర్చీల్లో ప్రజాప్రతినిధులు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ కింద కోళ్లని పోట్లాటకి ఉసిగొల్పడం నేరం, బరి నడపడమూ నేరమే. పైగా 1974 నాటి గేమింగ్ చట్టం ఉంది. 2016 డిసెంబరులో హైకోర్టు మండలానికో బృందం వేసి ఆపమంది. తహసీల్దారు, పోలీసు, జంతు సంక్షేమ ప్రతినిధి కలిసి తిరగాలి. జంతు హింస చట్టంలో మొదటిసారి జరిమానా ఎంతో తెలుసా? 10 నుంచి 50 రూపాయలు. కత్తి కట్టేవాడికి ఇచ్చే కూలిలో మూలకి రాదు.

శాంతిభద్రతల సంగతికొస్తే, జనం కుమ్ములాటలో ఈ డెల్టా అంచున పోయిన ప్రాణాలు ఏ హేతువాద సభలోనివీ కావు. 2015 జులై 14న రాజమండ్రి పుష్కర ఘాట్‌లో 27 మంది. ఆ జనాన్ని రమ్మని పిలిచిందే ప్రభుత్వం. మళ్లీ 2027లో పుష్కరాలు. లక్షల మంది ఒక ముహూర్తానికి ఒక రేవులోకి దిగితే అది భక్తి. నూటయాభై మంది ఫ్యాన్ల కింద కూర్చుంటే గొడవ.

గొట్టం మైకు

హాలు విషయం పాత ఫైలు గారు తేల్చేశారు కాబట్టి మైకు గురించి మాత్రం రాస్తాను, ఎందుకంటే మీ సభని ఆపాలనుకున్నవాళ్లు మొదట పట్టుకునేది అదే.

శబ్ద కాలుష్య నియమాలు, 2000. ఐదో నియమం ప్రకారం లౌడ్ స్పీకర్‌కి రాతపూర్వక అనుమతి కావాలి. ఆ అధికారం కలెక్టరుది, పోలీసు కమిషనరుది, లేదంటే డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారిది. దరఖాస్తు స్టేషన్ గుండా వెళ్లొచ్చు గానీ "వద్దు" అనే అధికారం స్టేషన్‌ది కాదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా వాడకూడదు. మూసిన హాళ్లలో లోపలివాళ్లకి వినపడేందుకు మినహాయింపు ఉంది. పండగలకి రాత్రి 12 దాకా సడలించొచ్చు, అదీ ముందుగా ప్రకటించి, ఏడాదికి 15 రోజులకి మించకుండా. మీ ఊళ్లో పదకొండు దాటిన సభలు ఆ 15 రోజుల్లో ఉన్నాయో లేదో సమాచార హక్కు కింద అడగొచ్చు.

నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. మైకు వాడే చోటి సరిహద్దులో ఆ పరిమితి మీద 10 ఎక్కువ, లేదా 75, ఏది తక్కువైతే అది. అంటే పగలు మీకు 65. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలం. గొట్టం మైకు జోలికి పోకండి, అది కాలవ దాటి అవతలి లంకలో కూడా వినపడుద్ది. రెండు బాక్సులు, మొహం జనం వైపు, వీధి వైపు కిటికీలు మూసి. ఫోన్లో డెసిబెల్ యాప్ సాక్ష్యంగా చెల్లదు గానీ గేటు దగ్గర ఎంతుందో మీకు అంచనా ఇస్తుంది.

మైకు లేకపోతే ప్రార్థన లేదని ఏ మతమూ చెప్పలేదని సుప్రీంకోర్టు 2000లో చర్చ్ ఆఫ్ గాడ్ కేసులో అంది. అది చర్చి కేసు కదాని దాన్ని ఒక పేట వైపు మాత్రమే తిప్పకండి, గుడికీ మసీదుకీ అదే.

కౌశిక గట్టు

ధన్యవాదాలండీ. చిక్కంతా ఇక్కడే: దరఖాస్తు తీసుకోరు, తీసుకున్నా రశీదు ఇవ్వరు. "చూద్దాం" అంటారు, ముందురోజు రాత్రి ఫోన్లో "వద్దు" అంటారు. అప్పుడేం చేయాలి?

పాత ఫైలు

నోటిమాటకి అప్పీలు లేదు, అందుకే నోటితో చెబుతారు. తారీకుకి కనీసం 20 రోజుల ముందు మొదలెట్టండి. దరఖాస్తు డీఎస్పీ పేరున రాయండి, నకలు ఎస్పీకి, ఇంకో నకలు ఎస్హెచ్‌ఓకి (స్టేషన్ ఇన్‌చార్జికి). "అనుమతి కోరుచున్నాము" అని సభకి రాయకండి, దానికి అనుమతి అక్కర్లేదు. సభ గురించి "సమాచారం కొరకు", మైకు గురించి "అనుమతి కొరకు" అని విడివిడిగా రాయండి. చాలామంది రెండూ కలిపి రాసి, మైకు నిరాకరణని సభ నిరాకరణగా మింగేస్తారు. తేదీ, వేళ, మండపం చిరునామా, ఎంతమంది, బాక్సులు ఎన్ని, బాధ్యుల ఫోన్లు, మండపం యజమాని ఒప్పుకున్న కాగితం నకలు పెట్టండి. యజమానికి ఫోన్ చేసి బుకింగ్ రద్దు చేయించడం పాత విద్య, కాబట్టి అడ్వాన్సు రశీదు మీద తేదీ, వేళ రాయించుకోండి.

తపాలా ద్వారానే పంపండి. రిజిస్టర్డ్ పోస్టు 2025 సెప్టెంబరు నుంచి స్పీడ్ పోస్టులో కలిసింది, కాబట్టి స్పీడ్ పోస్టులో పంపి ట్రాకింగ్ పేజీ ముద్రించి దాచుకోండి. అదే రోజు ఎస్పీ ఆఫీసుకి సమాచార హక్కు దరఖాస్తు, ఫీజు 10 రూపాయలు: "ప్రస్తుతం అమల్లో ఉన్న సెక్షన్ 30 నోటీసు నకలు, ఈ మూడు నెలల్లో ఈ మండలంలో ఇచ్చిన మైకు అనుమతుల జాబితా." జవాబుకి 30 రోజుల గడువు కాబట్టి ఈ సభకి అందదు, వచ్చే సభకి పనికొస్తుంది. వారంలో ఉలుకూ పలుకూ లేకపోతే హైకోర్టులో రాజ్యాంగం 226వ అధికరణ కింద రిట్. ఇలాంటి వాటిలో ఎక్కువగా వచ్చేది "దరఖాస్తు పరిశీలించి ఇన్ని రోజుల్లో ఉత్తర్వు ఇవ్వండి" అన్న ఆదేశమే. అది చాలు, నోటిమాట కాగితమవుతుంది.

దేవళం అరుగు

నేను పూజలు చేసే మనిషినే, అయినా మీ సభ జరగాలనే అంటాను. పాత ఫైలు గారు పార్టీల సంగతి ఎత్తారు కాబట్టి ఒక మాట. పాస్టర్లకి నెలకి 5,000 గౌరవ వేతనం ఒక ప్రభుత్వం ఇస్తే ఓట్లకోసమని రెండోవాళ్లు తిట్టారు. 2025లో వినాయక మండపాలకి ఉచిత కరెంటు ఇస్తే తిట్టినవాళ్లే దణ్ణం పెట్టారు. డబ్బు ఎవరిది? అయితే ఒక మతం కోసం పన్ను కట్టించకూడదన్న 27వ అధికరణ పట్టుకుని కోర్టుకి పోకండి. ప్రఫుల్ గొరాడియా కేసులో 2011లోనే చెప్పారు, పన్నులో గణనీయమైన భాగం ఒక మతానికి పోతేనే అది అతిక్రమణ అని. కరెంటు బిల్లు అంతదాకా పోదు.

ఇక 299 (పాత 295ఏ). కావాలని, దురుద్దేశంతో మతాన్ని అవమానిస్తేనే అది నేరం, మూడేళ్ల దాకా శిక్ష. రాంజీలాల్ మోదీ కేసు, 1957: ప్రతి అవమానమూ దీని కిందికి రాదు. ఎఫ్ఐఆర్‌కి ముందస్తు అనుమతి అక్కర్లేదు, కోర్టు విచారణకి తీసుకోవాలంటే మాత్రం ప్రభుత్వ మంజూరు కావాలి (బీఎన్ఎస్ఎస్ 217). ఏడేళ్ల లోపు శిక్ష కాబట్టి మామూలుగా నేరుగా అరెస్టు కాదు, ముందు బీఎన్ఎస్ఎస్ 35(3) నోటీసు (హాజరు కమ్మనే కాగితం) అడగండి. ఆచరణలో ఏంటంటే, కిటుకు చూపించండి, దేవుడి పేరెత్తకండి. పటాలు, విగ్రహాలు, బైబిలు, ఖురాను వేదిక మీద ఉండకూడదు. మొదటి నిమిషం నుంచి చివరిదాకా ఆపకుండా వీడియో తీయండి, 20 సెకన్ల ముక్కతోనే కేసులు పుడతాయి.

గొట్టం మైకు

ప్రదర్శన గురించి కొంచెం. పసుపు నీళ్లలో సున్నం పడితే ఎరుపు, పెళ్లిళ్లలో పారాణి చూసిన ఎవరికైనా తెలుసు, కాబట్టి దాంతో మొదలెట్టండి, జనం నవ్వి దగ్గరవుతారు. నిమ్మకాయలోంచి రక్తానికి ముందురోజు మందార రేకులు కత్తికి గట్టిగా రుద్ది నీడన ఆరబెట్టండి, రెండు మూడు పూతలు. ఒక్క పూతకి రంగు పలచగా వచ్చి వెనక బెంచీలకి కనపడదు. మంట దానంతటదే పుట్టే కిటుకు పర్మాంగనేటు, గ్లిజరిన్‌ది: పావు చెంచా మెత్తని పొడి, మూడు చుక్కలు. తడి గాలికి పొడి ముద్దకడితే ఆలస్యమవుద్ది, అంటుకోలేదని వంగి చూస్తే మొహం కాలుద్ది. ఇనప పళ్లెం, పక్కన ఇసుక బకెట్టు ఉండాలి. తాటాకు పందిట్లో అసలు చేయొద్దు.

స్వస్థత బ్యానర్లయినా తాయెత్తుల బ్యానర్లయినా కేన్సర్, షుగరు, పక్షవాతం అని రోగాల పేర్లు రాస్తే 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ఉంది. మైకులో నోటితో చెప్పినా అది ప్రకటనే అని నిర్వచనంలోనే ఉంది. ఒట్టి ప్రార్థన దీని కిందికి రాదని వాదిస్తారు. సీసాలో పోసి రోగం పేరు చెప్పి ఇచ్చే నూనె, తాయెత్తు అయితే పట్టు దొరుకుతుంది. ఫ్లెక్సీ ఫొటో తీసి, తేదీ, చోటు రాసి డ్రగ్స్ ఇన్‌స్పెక్టరుకి పంపండి. రెండు మతాలవీ కలిపి ఒకే కవర్లో పంపండి.