యూదు ఆచారాలు, యాస, సంగీతం: యూనివర్సిటీ నాటకానికి సలహాదారుని ఎప్పుడు పిలవాలి?

తెరచాటు: అమెరికాలో ఓ యూనివర్సిటీ థియేటర్ డిపార్ట్‌మెంట్‌లో స్టేజ్ మేనేజర్‌ని. ఈ సెమిస్టర్ 'ఫిడ్లర్ ఆన్ ది రూఫ్' అనే సంగీత నాటకం వేస్తున్నాం. 1905లో రష్యా సామ్రాజ్యంలోని అనటెవ్కా అనే కల్పిత పల్లెలో, టెవ్యే అనే యూదు పాలవాడి కుటుంబం కథ. మా నటుల్లో యూదులు ఇద్దరే. సలహాదారుని చివరి రెండు వారాల్లో పిలుద్దామంటున్నారు డైరెక్టర్. సరిపోతుందా?

ప్రాంప్టర్ బాబాయ్: అస్సలు సరిపోదండీ. మేమూ అలాగే చేసి దెబ్బతిన్నాం. పెళ్లి సీన్‌లో మా కొరియోగ్రాఫర్ ఆడామగా అందరినీ కలిపి మొదటినుంచీ డ్యాన్స్ చేయించాడు, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. సలహాదారు వచ్చి ఒకటే అడిగారు: "ఇక పెర్చిక్ వచ్చి దాటేది ఏ గీత?" ఆ పల్లెలో ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు ఆడతారు. బయటినుంచి వచ్చిన కుర్రాడు పెర్చిక్, టెవ్యే కూతురు హోడెల్‌ని డ్యాన్స్‌కి పిలిచినప్పుడు ఊరంతా నోరెళ్లబెట్టాలి. మా దగ్గర అప్పటికే అందరూ కలిసిపోయారుగా! ప్రదర్శనకి తొమ్మిది రోజులుందనగా బ్లాకింగ్, అంటే స్టేజీ మీద ఎవరు ఎక్కడ నిలబడాలి, ఎటు కదలాలి అన్నది, మొత్తం మార్చాం. ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

అన్నట్టు, తలమీద సీసాల డ్యాన్స్ పూర్వాచారం అనుకోకండి. 1964 నాటి మొదటి ప్రదర్శనకి జెరోమ్ రాబిన్స్ కూర్చింది. ఆయన సనాతన యూదుల పెళ్లిళ్లకి వెళ్లి చూసొచ్చి మరీ చేశాడు.

యాసల పిచ్చి: యాస గురించి నా మాట. ఆ పల్లెవాళ్లు ఇళ్లలో మాట్లాడుకునేది యిడ్డిష్. మనం వినే ఇంగ్లీషు దానికి బదులు. సొంత భాష మాట్లాడుకునేవాళ్లకి పరాయి యాస ఎందుకుంటుంది? సినిమా కామెడీల్లో విన్న ముక్కు యాస పెడితే వెక్కిరింపులా ఉంటుంది. ప్రార్థనలు మాత్రం పక్కాగా పలకాలి. యూదుల వారపు విశ్రాంతి దినాన్ని ఇజ్రాయెల్‌లో ఇప్పుడు 'షబ్బాట్' అంటారు, టెవ్యే కాలపు తూర్పు యూరప్ నోట అది 'షబ్బెస్'. గ్లాసులెత్తి 'జీవితానికి!' అనే 'లెఖాయిమ్'లో 'ఖ' మన ఖ కాదు, ఉర్దూ 'ఖబర్'లో గొంతు గరగరలాడే శబ్దం. హైదరాబాదు పిల్లలకి ఇట్టే వస్తుంది.

తెరచాటు: షబ్బెస్ కొవ్వొత్తులు వెలిగించే సీన్‌లో కళ్లు మూసుకునేది ఎందుకో ఎవరూ చెప్పలేకపోతున్నారు.

ప్రాంప్టర్ బాబాయ్: మామూలుగా ముందు మంత్రం, తర్వాత పని. కానీ మంత్రం చెప్పాక షబ్బెస్ మొదలైనట్టే, ఇక నిప్పు వెలిగించకూడదు. అందుకని ముందే వెలిగించి, చేతులతో కళ్లు మూసుకుని మంత్రం చదివి, అప్పుడు వెలుగుని చూస్తారు. ఇది తెలిశాక ఆ సీన్‌లో మా నటి చేతులు వాటంతటవే నెమ్మదించాయి. ఇంకోటి, రిహార్సల్‌లో దేవుడి పేరు ఉన్నదున్నట్టు పలకొద్దని, 'అదోషెమ్' అనమని మాకు చెప్పారు.

వకుళ_వయొలిన్: నేను ఆర్కెస్ట్రాలో వాయించాను. క్లెజ్మర్, అంటే తూర్పు యూరప్ యూదుల పెళ్లిళ్ల వాద్య సంగీతంలో, బాగా వినిపించే 'ఫ్రేగిష్' స్వరాలు చూస్తే అచ్చం మన వకుళాభరణం రాగం! సంబరపడి గమకాలు వేసేశాను, ఆపించారు. వాళ్ల నుడికారం వేరు. 'క్రెఖ్ట్స్' అని స్వరం చివర గొంతు తెగినట్టు చిన్న ఏడుపు. 'మూలుగు' అని దాని అర్థం. నోట్స్ చూసి వస్తుందనుకోవద్దు, పక్కన కూర్చుని నేర్చుకోవాలి. నాకు మూడు వారాలు పట్టింది.

కృష్ణాతీరం: గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తారెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే బెనె ఎఫ్రాయిమ్ యూదులున్నారుగా, వాళ్లని అడగొచ్చా?

యాసల పిచ్చి: వాళ్ల సంగతులు వాళ్లని అడగాలి కానీ, ఇప్పటి ఉక్రెయిన్ వైపు ఉండే అలాంటి పల్లె సంగతులు కాదండీ. మీ ఇద్దరు యూదు నటుల మీద కూడా ఆ భారం వేయకండి. యూదులైనంత మాత్రాన 1905 నాటి యిడ్డిష్ తెలియాలనేముంది? సలహాదారుని వేరే పెట్టి, డబ్బిచ్చి పిలవండి. ఆయన ఆచారం పాటించేవారైతే శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటిపడేదాకా రారు. షెడ్యూల్ చూసుకోండి.

తెరచాటు: పెళ్లి సీన్ గొడవ చదివి వినిపించా. డైరెక్టర్ వచ్చే సోమవారానికే పిలవమన్నారు. పైగా, లైట్లు, సౌండ్ సరిచూసుకునే టెక్ రిహార్సల్ మొత్తం శనివారం పెట్టిందెవరని అరిచారు. నేనే.