పండగ కానుకలు వద్దని బంధువులకు నొప్పించకుండా ఎలా చెప్పాలి?

ఈసారి పండగ సెలవులకు కొత్త వస్తువులేవీ కొనకూడదని నేను, నా భార్య నిర్ణయించుకున్నాం. మా ఇద్దరి వరకు ఇబ్బంది లేదు, చిక్కంతా బంధువులతోనే. కానుకలు వద్దంటే కొందరు పిసినారితనం అనుకుంటారు. ఇంకొందరు మొహమాటానికి అంటున్నామనుకుని మరింత పెద్ద పెట్టె మోసుకొస్తారు!

1992లో కెనడాలో టెడ్ డేవ్ అనే చిత్రకారుడు మొదలుపెట్టిన ‘ఏమీ కొనని రోజు’ గురించి చదివాను. అమెరికాలో దాన్ని నవంబరులో వచ్చే థ్యాంక్స్‌గివింగ్ పండగ మరుసటి రోజున, అంటే దుకాణాలు కిటకిటలాడే శుక్రవారం నాడే పాటిస్తారు. ఆలోచన బాగుంది. కానీ ఒక్కరోజు ఆగి మర్నాడు రెట్టింపు కొంటే ఒరిగేదేమిటి?

నాకు అన్నిటికంటే చిరాకు తెప్పించేది కానుకలకు చుట్టే కాగితం. తళుకుల పొడి అద్దినవి, ప్లాస్టిక్ పొర ఉన్నవి పాత కాగితాలతో కలిపి వేసినా రీసైక్లింగ్‌కు పనికిరావు. గుప్పిట్లో నలిపి వదిలితే ఉండలా నిలవకుండా మళ్లీ విచ్చుకునేది సాధారణంగా ఆ రకమే. అందుకే ఇప్పుడు పాత బట్టతో చుట్టి ముడి వేస్తున్నాను. చూడ్డానికీ బాగానే ఉంటుంది.

పెద్దవాళ్లకు ఏదోలా నచ్చజెప్పవచ్చు. పిల్లల సంగతే తోచడం లేదు. తోటిపిల్లలు కొత్త బొమ్మలు చూపిస్తుంటే మావాళ్లు చిన్నబుచ్చుకోకూడదు కదా. ఇలాంటి పరిస్థితిని దాటినవారు ఏం చేశారు? బంధువులకు ముందే చెప్పారా, పండగ దగ్గరపడ్డాకనా? ‘మన సమయమే కానుక’ లాంటి ఉపదేశాలు మా ఇంట్లో పనిచేయవు. మీరు వాడిన మాటలే ఉన్నవి ఉన్నట్టు రాస్తే మేలు.