కూలెంట్ తగ్గిపోతోంది, బోర్ నీళ్లు పోయొచ్చా?

బెజవాడబండి: అన్నలూ, పాత డీజిల్ కారు, ఎండలు మొదలయ్యాక రిజర్వాయర్‌లో కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) మినిమమ్ గీత కిందకి దిగిపోతోంది, మెకానిక్కేమో బోర్ నీళ్లు కొట్టేయ్ ఏం కాదంటున్నాడు. లోపల ఉన్నది గ్రీన్, షాపులో పింక్ ఉంది, కలపొచ్చా?

డీజిల్‌బాబాయ్: బోర్ నీళ్లు వద్దు తమ్ముడూ, ఉప్పులెక్కువ, రేడియేటర్ ట్యూబుల్లో గార కట్టేస్తుంది. అర్జెంటైతే డిస్టిల్డ్ వాటర్ పొయ్యి. రంగు చూసి కొనకు, అది కంపెనీవాళ్లు వేసే డై అంతే, మాన్యువల్లో ఏ టైప్ రాసుంటే అదే. కాన్సన్‌ట్రేట్ (నీళ్లు కలపని చిక్కటి కూలెంట్) అయితే మామూలుగా నీళ్లతో సగం సగం, ప్రీమిక్స్ (ముందే నీళ్లు కలిపి అమ్మేది) అయితే అసలు నీళ్లే కలపకు.

రాంగ్‌గేర్: మనకి మంచు పడదుగా కూలెంట్ దండగ అంటారు కొందరు, కానీ సగం సగం మిక్స్ మామూలు ప్రెషర్‌లోనే 105 డిగ్రీలు దాటాకే మరుగుతుంది, క్యాప్ ప్రెషర్‌తో ఇంకా పైకెళ్తుంది, పైగా లోపల తుప్పు పట్టనివ్వదు, అది ఎవడూ చెప్పడు.

డీజిల్‌బాబాయ్: అవన్నీ సరే, ముందు ఎందుకు తగ్గుతోందో చూడు. హోస్ క్లిప్పులు, వాటర్ పంప్, క్యాప్ రబ్బరు. బయటెక్కడా తడి లేకపోతే డిప్‌స్టిక్ (ఇంజిన్ ఆయిల్ చూసే కడ్డీ) తీసి చూడు, ఆయిల్ పాల టీలా ఉంటే హెడ్ గాస్కెట్ (ఇంజిన్ బ్లాక్‌కీ హెడ్‌కీ మధ్య ఉండే సీల్) మీదే అనుమానం. వేడి మీద క్యాప్ తియ్యకు, మొహం కాలుద్ది.

బెజవాడబండి: వాటర్ పంప్ కింద పచ్చగా మరకుంది బాబాయ్, పంప్ మొత్తం మార్చాలా, సీల్ సరిపోద్దా?

డీజిల్‌బాబాయ్: పంప్ మార్చెయ్. టైమింగ్ బెల్ట్‌తో తిరిగే పంప్ అయితే బెల్ట్ కూడా అప్పుడే, లేబర్ రెండుసార్లు పడదు.