ఊళ్లలో చదువు నేర్పే ట్రస్టుకు ఉచితంగా డేటా పని చేద్దామనుకుంటున్నా, ఎక్కడ మొదలుపెట్టాలి?

కాజీపేట_జంక్షన్:
అందరికీ నమస్తే. నేను డేటా అనలిస్టును, ఆఫీసు హైదరాబాద్‌లో, ఇల్లు కాజీపేటలో, వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పని. మా మేనమామకు తెలిసిన ఒక చిన్న ట్రస్టు పరకాల, ములుగు వైపు ఊళ్లలో, కొన్ని తండాల్లో సాయంత్రం పూట 3 నుంచి 5వ తరగతి పిల్లలకు చదవడం నేర్పిస్తోంది. ఆ ఊళ్లోనే ఇంటరో డిగ్రీనో చదివిన అమ్మాయి సెంటర్ నడుపుతుంది. ఏడాదికి మూడుసార్లు ఒక్కో పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని చదివించి ఏ మెట్టులో ఉందో రాసుకుంటారు: ప్రారంభ (అంటే అక్షరాలు కూడా రానివాళ్లు), అక్షరాలు, పదాలు, పేరా, కథ. ఊళ్లలో పిల్లలకు చదవడం ఎంత వచ్చో చూసే అసర్ సర్వేలో వాడే మెట్లే, కథ వచ్చిందంటే 2వ తరగతి వాచకం చదవగలదని లెక్క.

పైసా తీసుకోకుండా వాళ్ల డేటా పని చేసిపెడతానని మాటిచ్చా. 2019 నుంచి ఉన్న ఎక్సెల్ ఫైళ్లన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి చేతిలో పెట్టారు. తెరిచాక తల తిరిగింది. హనుమకొండ ఒక్కటే ఆరు రకాల స్పెల్లింగులతో ఉంది, తరగతి అని ఉన్నచోట "3-5" కొడితే ఎక్సెల్ దాన్ని మే 3వ తేదీ చేసి కూర్చోబెట్టింది. సరే, అవి సర్దుకోవచ్చు. కానీ నిరుడు డిసెంబర్ పరీక్షలో ఒక వింత ఉంది. జులైలో పేరా చదివిన పిల్లలు చాలామంది పదాలకు దిగిపోయారు, జులైలో ఒక్క అక్షరం రాని పిల్లలు కొందరు ఏకంగా రెండు మెట్లెక్కి పదాల్లో ఉన్నారు. నిజంగా ఇట్లా జరుగుతుందా?

ఇంకోటి, డబ్బులిచ్చే కంపెనీవాళ్లకు మార్చి ఆఖరుకల్లా "ఎంతమంది చదవడం నేర్చుకున్నారు" అని ఒకే ఒక్క నంబర్ కావాలట. నేనైతే అంకెలన్నీ చార్టుల్లో చూపించేలా పవర్ బీఐలో మంచి డాష్‌బోర్డు, టీచర్లకు ఫోన్‌లో ఒక యాప్ చేద్దామనుకుంటున్నా. ఇలాంటి పని చేసినవాళ్లుంటే చెప్పండి.

గోవిందరావుపేట_అక్క:
తమ్ముడూ, నేను వేరే సంస్థలో నాలుగేళ్లు అలాంటి సెంటరే నడిపాను. ముందు ఒక మాట చెప్పు, జులైలో మెట్టు పేరు మొత్తం రాసి, డిసెంబర్‌లో పొట్టిగా రాశారా? ఎందుకంటే మేం రిజిస్టర్‌లో ప్రారంభకు "ప్ర", పదాలకు "ప", పేరాకు "పే" అని రాసేవాళ్లం. గడి చిటికెన వేలి గోరంత ఉంటుంది, అంతకన్నా ఎక్కువ పట్టదు. ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చున్న పిల్లగాడు మూడింటికీ ఇంగ్లిష్ పీ కొట్టాడు. తర్వాత ఇంకెవరో పీ అంటే పదాలు అని రాసిపెట్టారు. మీ పేరా పిల్లలు కిందికి దిగిందీ, ప్రారంభ పిల్లలు పైకెక్కిందీ ఆ పీ లోనే అనిపిస్తోంది నాకు. మా దగ్గరైతే ఆరు నెలలు మీటింగుల్లో నిలబెట్టి "మీ పిల్లలు ఎందుకు వెనక్కి పోతున్నరు" అని అడిగారు. ఏం చెప్తాం, మాకు ఆ ఎక్సెల్ ఎప్పుడైనా చూపిస్తే గదా.

రిజిస్టర్లు సరిగ్గా ఉన్నా నమ్మేయకు. మాకు ఇచ్చింది ఒకటే కార్డు, ఏడాదంతా అదే పేరా, అదే కథ. మూడోసారి పరీక్షకు మా తండా పోరడొకడు కార్డు తలకిందులుగా పట్టుకుని, దూలం వైపు చూస్తూ కథంతా గడగడా అప్పజెప్పాడు. నవ్వు ఆపుకోలేక చచ్చా. వేరే పుస్తకం తీసి ఇస్తే రెండో పదం దగ్గరే ఆగిపోయాడు. కానీ పక్క సెంటర్‌లో అలాంటివాళ్లకు కథ అనే రాశారు, వాళ్లనూ తప్పు పట్టలేం, కరెంటు పోయి ఇరవై మంది పిల్లలు మీద పడుతుంటే ఒక్కొక్కరికి పేరా ఇచ్చి, వస్తే కథ, రాకపోతే పదాలు, అవీ రాకపోతే అక్షరాలు అని వరసగా చూసుకుంటూ పోవాలంటే ఓపిక ఉండాలి. పైగా తండా పిల్లలకు ఇంట్లో లంబాడీ మాట, చదివినదాని అర్థం తెలియక తడబడతారు, దాన్ని చదవడం రాకపోవడం కింద రాస్తే అన్యాయం.

యాప్ మాత్రం వద్దు, దండం పెడతా. నా సెంటర్‌లో సిగ్నల్ కోసం నీళ్ల ట్యాంకు దగ్గరికి పోవాలి. ఫోన్ మా ఆయన దగ్గర ఉంటుంది, ఆయన వచ్చేసరికి రాత్రి తొమ్మిది.

లెక్కల_సారు:
అక్క చెప్పింది ముందు చూడు బాబూ, రిజిస్టర్లు తీయించు. ఇక ఆ ఒకే ఒక్క నంబర్ సంగతి. జులైలో వంద మందిని పరీక్షించారనుకో, మార్చిలో డెబ్బై మందే దొరికారు, అందులో నలభై మంది కథ చదివారు. డెబ్బైతో భాగిస్తే 57 శాతం, వందతో భాగిస్తే 40. కంపెనీకి ఏది పంపుతారో నీకు తెలుసు. అసలు సంగతి, పోయిన ముప్పై మంది ఎవరు? మన దగ్గర పత్తి ఏరడానికి, సంక్రాంతి దాటాక మిర్చికి తల్లిదండ్రుల వెంట పోయే పిల్లలే ఎక్కువ, వాళ్లు సాధారణంగా కింది మెట్లలోనే ఉంటారు. వాళ్లు తప్పుకోగానే మిగిలినవాళ్ల సగటు దానంతటదే పెరుగుతుంది, ఎవరూ ఏమీ నేర్పకపోయినా సరే. కాబట్టి రెండుసార్లూ దొరికిన పిల్లల్ని విడిగా లెక్కించి, దొరకనివాళ్లు జులైలో ఏ మెట్టులో ఉన్నారో పక్కనే రాయి.

అట్లాగే ఆ పిల్లలు పగలు బడికీ పోతున్నారు. 2022 నుంచి సర్కారు బడుల్లో తొలిమెట్టు అనే కార్యక్రమం నడుస్తోంది, దాని పనీ ఇదే. మొత్తం మా ఘనతే అని రాస్తే బడి పంతులుగా నాకే కోపమొస్తుంది. అసర్‌తో పోల్చమని కంపెనీ అడుగుతుంది, చూస్తూ ఉండు. అసర్ జిల్లాకు 30 ఊళ్లు, ఊరికి 20 ఇళ్లు తీసుకుని చేసే సర్వే, బడికి రాని పిల్లల్నీ ఇంటి దగ్గరే చదివిస్తుంది. నీ పది ఊళ్ల సెంటర్ పిల్లల్ని దాని పక్కన పెట్టడం కుదరదు.

జిల్లా పేరు మీద మాత్రం ఏదీ కలపకు. 2021 ఆగస్టులో వరంగల్ అర్బన్ పేరు హనుమకొండ అయింది, రూరల్ పేరు వరంగల్ అయింది, రూరల్‌లో ఉన్న పరకాల హనుమకొండలోకి వచ్చింది. నీ 2020 ఫైల్లో వరంగల్ రూరల్ అన్న ఊరే ఇప్పుడు హనుమకొండ. ములుగు జిల్లా అయిందే 2019 ఫిబ్రవరిలో. ఊరిని పట్టుకో, ప్రతి ఊరికీ ప్రభుత్వం ఇచ్చిన ఎల్‌జీడీ కోడ్ ఉంటుంది, అది పెట్టుకుంటే స్పెల్లింగు గోల కూడా పోతుంది.

మడికొండ_99:
పెన్‌డ్రైవ్ అన్నప్పుడే నాకు టెన్షన్ మొదలైంది. పిల్లల పేర్లు, తండ్రి పేరు, ఫోన్ నంబర్లు ఉంటాయి గదా అందులో. 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపు వాళ్లంతా పిల్లలే, తల్లిదండ్రుల సమ్మతి కావాలి. పేర్లు తీసేసి నంబర్లు ఇచ్చుకుని పని చేయి బ్రో, పేర్ల లిస్టు ట్రస్టు దగ్గరే ఉండనీ. క్లీన్ చేసిపెట్టమని ఏదో ఒక ఫ్రీ ఏఐ సైట్‌లో మొత్తం ఫైల్ ఎక్కించేవు.

చౌరస్తా_చాయ్:
సారు చెప్పింది బాగుంది, కానీ 40 అని పంపితే వచ్చే ఏడాది ఆ డబ్బు ఇంకొకరికి పోతుంది. 57 పంపిన సంస్థ బతుకుతుంది. నేను ఒక ట్రస్టులో అకౌంట్లు చూశాను, చెప్తున్నా.

లెక్కల_సారు:
రెండూ పంపమంటున్నా తమ్మీ. 57 ఎట్లా వచ్చిందో కింద ఒక వాక్యం రాస్తే కంపెనీవాళ్లేమీ పారిపోరు. దాచిపెడితే రెండో ఏడాది వాళ్ల మనిషి ఊళ్లోకి వచ్చి పిల్లను చదవమన్నప్పుడు తేలుతుంది.

కాజీపేట_జంక్షన్:
అప్‌డేట్. శనివారం బండి మీద పరకాల దగ్గరి సెంటర్‌కు పోయా. అక్కా, నీ నోట్లో చక్కెర పోయాలి. రిజిస్టర్‌లో "పే" అని నీలి ఇంకుతో గుండ్రంగా ఉంది, అదే పిల్ల ఎక్సెల్‌లో పీ. ఆ ఒక్క సెంటర్‌లోనే డిసెంబర్‌లో వెనక్కి పోయారనుకున్న తొమ్మిది మందిలో ఎనిమిది మంది అసలు కదలనే లేదు, పేరాలోనే ఉన్నారు. తొమ్మిదో పిల్ల నిజంగానే దిగింది, పత్తికి పోయి రెండు నెలలు రాలేదట, టీచరమ్మ పేరుతో సహా చెప్పింది.

యాప్ పక్కన పెట్టేశా, డాష్‌బోర్డు తర్వాత చూద్దాం. వచ్చే పరీక్ష నుంచి "ప్ర", "పే" అని కాకుండా మెట్టుకు 0 నుంచి 4 దాకా అంకె వేస్తారు, గడి కొంచెం పెద్దది చేయించా, కథ కార్డులు మూడు రకాలు రాయిద్దామని ట్రస్టువాళ్లు ఒప్పుకున్నారు. సెంటర్‌కు ఒక్క పేజీ ప్రింటు ఇద్దామనుకుంటున్నా, ఎవరు ఏ మెట్టులో ఆగారో చూసి టీచరమ్మ ఆ సాయంత్రమే గుంపులు చేసుకునేలా. పెన్‌డ్రైవ్ తిరిగిచ్చేశా, పేర్లు లేని కాపీతోనే పని.

ఇక మిగిలింది పాత రిజిస్టర్లు చూసి ఎక్సెల్‌లో మళ్లీ కొట్టడం. రెండు సెంటర్లవి చెదలు తినేశాయి, ఆ పిల్లల డిసెంబర్ మెట్టు "తెలియదు" అని పెడుతున్నా. మిగతావి వచ్చే ఆదివారం హనుమకొండలోని ట్రస్టు ఆఫీసులోనే కూర్చుని కొడదాం, ఇద్దరు ముగ్గురు వస్తే సాయంత్రానికి అయిపోతుంది. తెలుగు చేతిరాత చదవగలిగితే చాలు, చాయ్, మిర్చి బజ్జీ నా ఖర్చు.