ఆర్టీసీ డ్రైవర్‌కు రంగులు గుర్తించలేని లోపం: వేరే పోస్టు ఎలా అడగాలి?

మా బంధువు ఆర్టీసీ డ్రైవర్. కంటి పరీక్షలో ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియడం లేదని డ్రైవింగ్‌కు అన్‌ఫిట్ చేశారు. ఇప్పుడు మెడికల్ రిటైర్మెంట్ తీసుకోమంటున్నారు.

2016 వికలాంగుల హక్కుల చట్టం సెక్షన్ 20(4) ప్రకారం సర్వీసులో వైకల్యం వస్తే తీసేయకూడదు. అదే పే స్కేలుతో వేరే పోస్టు ఇవ్వాలి, లేకపోతే సూపర్‌న్యూమరరీ పోస్టులో (మంజూరైన ఖాళీ లేకపోయినా అదనంగా సృష్టించే పోస్టు) ఉంచాలి. చిక్కు ఎక్కడంటే, చట్టంలోని 21 వైకల్యాల్లో ఈ లోపం లేదు, కాబట్టి సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్ రాదు. అయితే ఆర్టీసీ యాజమాన్యం, కార్మిక సంఘాల మధ్య జరిగిన 1979 ఒప్పందం 14వ క్లాజు ఇలాంటి డ్రైవర్లకు వేరే ఉద్యోగం, పే ప్రొటెక్షన్ (పాత జీతం తగ్గకుండా) ఇవ్వాలంటుంది. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తెలంగాణ ఆర్టీసీ డ్రైవర్ కేసులో దీన్నే సమర్థించింది.

ఆ తీర్పు తర్వాత దరఖాస్తు పెట్టినవాళ్లెవరైనా ఉన్నారా? డిపో మేనేజర్‌కు ఇచ్చే అర్జీలో తీర్పు కాపీ, మెడికల్ బోర్డు రిపోర్టు కాక ఇంకేం జతచేయాలి? శ్రామిక్ (గ్యారేజీ హెల్పర్) పోస్టు ఇస్తే పాత బేసిక్ పే ఎంతో ఆర్డర్‌లోనే రాయించుకోవాలా? రిటైర్మెంట్ బెనిఫిట్స్ చెక్కు ముందే తీసుకుంటే హక్కు పోతుందా? ఇదే అన్నిటికన్నా భయంగా ఉంది, దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి.